పాట ఇంట్లో పెట్టి వచ్చే పిట్టలు

పండుగలు పంచాంగం చూసుకొని వస్తాయి. పెండ్లిళ్లు ముహూర్తం చూసుకొని వస్తాయి. ఏ పంచాంగమూ చూడకుండా, ఎవరూ పిలవకుండా, ఏటేటా ఇంచుమించు ఆ రోజులకే మా వాడలో దిగే చుట్టాలు కొందరున్నారు. వాళ్లకు చాప వెయ్యనక్కరలేదు, కాళ్లకు నీళ్లివ్వనక్కరలేదు. ఆరునెలలుండి, పోయివస్తామని ఒక్కమాటైనా చెప్పకుండా వెళ్లిపోతారు. వాళ్ల సంగతి నలుగురి చెవినీ వెయ్యాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మాది బాల్కొండ. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరుకూ నిర్మలుకూ నడుమ, శ్రీనగరు నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నెంబరు రహదారి పక్కన ఉంటుంది. పసుపు పండే నేల. బతుకమ్మ నాటికి చేలల్లో పసుపు ఆకు నడుమెత్తు లేచి, గాలికి ఒకటే సవ్వడి చేస్తూంటుంది. ఊరి లోపల మాత్రం అన్ని ఊళ్లలాగే సిమెంటు రోడ్లు, షటర్ల దుకాణాలు, కరెంటు తీగలు, మోరీలు. పక్షుల్ని చూడాలని సరదా ఉన్నవాళ్లు 1963లో నెహ్రూగారు పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు వైపు పోతారు. అక్కడి నీళ్లలో దిగే పెద్ద పెద్ద పక్షులకు ఫొటోలు తీస్తారు. ఫొటోలు పత్రికల్లో పడతాయి. డెబ్బై ఒకటో ఏట, ఈ మోకాళ్లతో, నేనంత దూరం పోలేను. బడి పంతులుగా పింఛను పుచ్చుకొంటూ అరుగుమీద కుర్చీ వేసుకొని కూర్చున్నవాడికి వాడలోనే ఏది కనిపిస్తే అదే పక్షి.

అలా కనిపించేవాటిలో మొదట చెప్పవలసింది కాటుకపిట్ట. సంస్కృతంలో ఖంజనమన్నా, ఖంజరీటమన్నా అదే. పిచ్చుకకన్న సన్నం, తోక పొడుగు. తెల్లని మొహం, బూడిదరంగు వీపు, ఎదమీద నల్లని చంద్రవంక. పిచ్చుక గెంతుతుంది, ఇది గెంతదు, అడుగు తీసి అడుగు వేసి నడుస్తుంది. అడుగడుక్కీ తోక పైకీ కిందికీ ఆడిస్తుంది. లెక్కలు చూసుకొంటూ అంగట్లో తిరిగే షావుకారు గుర్తుకొస్తాడు నాకు.

మన కవులు నాయిక కన్నుల చాంచల్యానికి ఈ పిట్టనే పోలిక తెచ్చుకున్నారు. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖంజన దర్శనానికి ఒక అధ్యాయమే కేటాయించి, ఎక్కడ కనిపిస్తే ఏమి ఫలమో చెప్పాడు. అంతటి పిట్ట మా ఇంటికొచ్చి చేసేదేమిటయ్యా అంటే, చేదబావి దగ్గర స్నానాల నీళ్లు పారే మోరీ అంచున పురుగుల్ని ఏరుకొని తినడం. మా ఆవిడకు ఇదే నచ్చదు.

“పొద్దుగాల లేచి దేవునికి దండం పెట్టుకొనుడు పోయి, గా మోరీ దిక్కు జూసుకుంట నిలబడ్తరు. నలుగురు ఏమనుకుంటరు?” అంటుంది.

వరాహమిహిరుడి సంగతి చెప్పాను. చాలా శ్రద్ధగా విన్నది. “అయితే మోరీ కాడ కనబడ్తే ఏం ఫలమట?” అన్నది.

“దోమలు తగ్గుతాయి” అన్నాను.

తమాషా ఏమిటంటే, దసరానాడు మా ఊరంతా జమ్మికి బయలుదేరి, పొలిమేరలో పాలపిట్ట కనిపిస్తే చాలునని మెడలు చాచి వెతుకుతుంది. తెలంగాణా రాష్ట్రపక్షి అది. దాని నీలిరెక్కలు చూస్తే శుభమే, కాదనను. కాని పాలపిట్ట మన నేలదే, ఏడాది పొడుగునా ఈ చుట్టుపక్కలే ఉంటుంది. ఎక్కడో వేలమైళ్ల అవతల పుట్టి, సరిగ్గా ఆ పండుగ రోజులకే వచ్చి, మన గుమ్మం ముందర తోకాడిస్తున్న పిట్టను దాటుకొనే జనమంతా పొలిమేరకు పోతారు.

ఈ కాటుకపిట్టల్లో పశ్చిమ సైబీరియా వైపు నుంచి వచ్చే ఒక తెగకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ‘దుఖునెన్సిస్’ అనే మాట ఉంది. దుఖున్ అంటే మరేం కాదు, మన దక్కనే. 1832లో కర్నల్ సైక్స్ అనే సైన్యాధికారి, దక్కను పీఠభూమిలో తిరిగి చూసిన పక్షుల్ని వర్ణిస్తూ దీనికి ఆ పేరు పెట్టాడు. అంటే పుట్టింటివాళ్లు పెట్టుకోని పేరు మెట్టినింటివాళ్లు పెట్టారన్నమాట. మంచులో గుడ్డు పగిలి బయటికి వచ్చిన పిల్లకు ఇంటిపేరు దక్కను!

మన దేశంలో పక్షుల శాస్త్రం పేరు చెబితే సలీం అలీగారి పేరు చెప్పుకోవాలి. 1931, 32ల్లో ఆయన నిజాం రాజ్యమంతటా తిరిగి పక్షుల లెక్క తీశారు. అప్పుడు మా జిల్లా కూడా ఆ రాజ్యంలోనిదే. ఈ కాటుకపిట్టకు వరసకు చెల్లెలైన బూడిదరంగు పిట్ట మరొకటుంది, పొట్ట పసుపుపచ్చన. బొంబాయిలో ఒకరింటి తోటలో అలాంటి పిట్ట కాలికి ఉంగరం తొడిగి వదిలితే, అది హిమాలయాలకు పోయి, ఏటేటా తిరిగి ఆ చిన్న పచ్చికబయలుకే వచ్చేదట. బొంబాయంత నగరంలో, అన్ని వేల ఇళ్ల నడుమ, ఆ జానెడు పచ్చిక! మా అబ్బాయి హైదరాబాదులో రెండేళ్ల తర్వాత మేనమామ ఇల్లు వెతుక్కోలేక చౌరస్తాలో నిలబడి ఫోను చేశాడు.

కాటుకపిట్ట నడివీధిలో తిరుగుతుంది గనుక దాన్ని చూడడానికి కళ్లుంటే చాలు. రెండో చుట్టాన్ని చూడడానికి ఓపిక కావాలి. అది మా పక్కింటి ఖాళీ జాగాలో, చింతచెట్టులో దిగుతుంది. ముందు కనిపించదు, వినిపిస్తుంది. “చక్... చక్...” అని, ఎవరో రెండు గులకరాళ్లు తట్టినట్టు. కొమ్మల లోపల్లోపలే తిరుగుతూ, ఆకు కదిలినచోట ఉండదు, కదలనిచోట ఉంటుంది. మట్టిరంగు వీపు, వెలిసిన పొట్ట, సన్నటి ముక్కు. అందమైన పిట్ట అని నేను చెప్పలేను. పెండ్లిచూపుల్లో అయితే తప్పకుండా తిరగ్గొట్టే వాలకం. తెలుగులో పేరు వెతికి విసిగి మేము ‘చక్‌పిట్ట’ అని పెట్టుకున్నాం. ఇంగ్లీషువాళ్లు మాత్రం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్ పేరు తగిలించి పిలుస్తారు. 1849లో దీన్ని లోకానికి పరిచయం చేసింది ఆయనే.

దీని పుట్టిల్లు ఫిన్లాండు నుంచి రష్యా మీదుగా మధ్య ఆసియా దాకా పరుచుకొని ఉంది. బరువెంతో తెలుసునా? తులం. మా వైపు కంసాలి పది గ్రాముల్ని తులమంటాడు. ఈ పిట్ట కాస్త అటూఇటూగా అంతే తూగుతుంది. ఆ చింతలోనే తిరిగే ఆకుపచ్చని పిట్ట మరొకటుంది, అది ముప్పాతిక తులం. కార్తీకం వచ్చేసరికి ఈగల్ని పట్టుకొనే బుల్లిపిట్ట ఒకటి వచ్చి, మా జామచెట్టు కింది కొమ్మమీద కూర్చుని తోక ఎగరేస్తుంది. ముదిరిన మగపిట్టకైతే గొంతుదగ్గర పారాణి రాసినట్టుంటుంది. అదీ తులమే. తులం బంగారానికి పది తాళాలు వేసి దాచుకొంటాం మనం. ఈ తులం ప్రాణాలు రాత్రిపూట, ఒంటరిగా, దేశాలు దాటి వస్తాయి.

అవును, రాత్రిపూటే. పగలు తిని, రాత్రి ఎగరడం వీటి పద్ధతి. బయలుదేరేముందు బాగా తిని ఒంట్లో కొవ్వు పట్టించుకుంటాయి, దారిబత్తెం అదే. దారి ఎలా తెలుస్తుందని మా మనవడు అడిగాడు. అమెరికాలో స్టీఫెన్ ఎమ్లెన్ అనే ఆయన 1960ల్లో ఒక పని చేశాడు. వలసపోయే చిన్నపిట్టల్ని నక్షత్రశాలకు తీసుకుపోయి, గరాటులాంటి కాగితపు గూట్లో పెట్టి, కాళ్లకింద సిరా అద్దాడు. పైన దొంగ ఆకాశం తిప్పాడు. పిట్టలు ఎగరాలని తహతహలాడుతూ ఏ వైపు గెంతితే ఆ వైపు కాగితంమీద సిరా అడుగులు పడ్డాయి. ఆకాశాన్ని తిప్పి ఉత్తరాన్ని మరోవైపు పెడితే పిట్టలూ అటే తిరిగాయి! చుక్కలన్నీ తిరుగుతున్నా తిరగని చోటు ఒకటున్నదే, ధ్రువుడున్న చోటు, దాన్ని పిల్లతనంలోనే చూసి పెట్టుకుంటాయని ఆయన తేల్చాడు. భూమికున్న అయస్కాంతశక్తిని కూడా పసిగడతాయని మరికొందరు కనుక్కున్నారు. మన పెండ్లిళ్లలో పురోహితుడు పట్టపగలు అరుంధతిని చూపిస్తే, “కనిపించింది, కనిపించింది” అని తలూపే వధూవరులం మనం.

ఇంకో విశేషం ఉంది. ఈ జాతుల్లో చాలావాటికి తల్లీతండ్రీ ముందే బయలుదేరి పోతారు. ఆ ఏడే పుట్టిన పిల్లలు తర్వాత, దారి చూపే పెద్దదిక్కు లేకుండా వస్తాయి. మొన్న ఆశ్వయుజంలో చింతకొమ్మలో “చక్” మన్నది అలాంటి పిల్లపిట్టే కావచ్చు. ఈ నేలను అది పుట్టి ఎన్నడూ చూసి ఎరగదు.

ఇంతకూ వీటిని పాటపిట్టలంటారు. చక్‌పిట్ట మగది తన దేశంలో వేసవి రాత్రుళ్లు గంటలకొద్దీ పాడుతుందట. తక్కిన పిట్టల పాటలెన్నో తన పాటలో కలుపుకొని మరీ పాడుతుందట. మన దగ్గర పాడదు. ఆరునెలలూ ఆ రాళ్ల చప్పుడొక్కటే. పాట పుట్టినచోటికి, జతకు, గూటికి. ఇక్కడ తిండికి ఒక చెట్టు, ఆ చెట్టు నాదని చెప్పుకోవడానికి ఒక “చక్”. అంతే.

ఈ మాటే ఒకరోజు పక్కింటి అమ్మాయితో అన్నాను. అమ్మాయంటున్నాను గాని ఇంటరు చదివే కొడుకున్న తల్లి. బతుకమ్మ పేర్చడానికి గునుగుపూల కట్ట ముందేసుకొని అరుగుమీద కూర్చుంది. నేను గోడపక్కన నిలబడి చింతచెట్టులోకి చూస్తూంటే, “ఏంది సారూ, గంటసేపట్సంది జూస్తున్నరు?” అన్నది. పిట్ట సంగతి చెప్పాను. రష్యా నుంచి వచ్చిందంటే నమ్మలేదు. ఇక్కడ పాడదంటే మాత్రం చేతిలో గునుగుకట్ట ఆగిపోయింది.

“మా ఆయన గూడ గంతే సారూ. ఈడున్నప్పుడు భజనల గొంతు ఆయనదే. అక్కడ పన్నెండేండ్లల్ల ఒక్కనాడు పాట వాడలేదట. ఎందుకు వాడవని అడిగితే, ఎవ్వరి కోసం వాడాలె అంటడు.”

ఆమె భర్త షార్జాలో వెల్డింగు పని చేస్తాడు. మా వైపు మస్కటు పోయినా, సౌదీ పోయినా, షార్జా పోయినా ‘దుబాయి’ పోయినట్టే లెక్క. మా వాడలో దుబాయి పోయినవాళ్లు లేని ఇళ్లను ఒక చేతి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. రెండేళ్లకొకసారి రెండు నెలలు వస్తారు. వచ్చినప్పుడు తులాల లెక్కన బంగారం, కంబళ్లు, అత్తరు. పోయేటప్పుడు తొక్కుల డబ్బాలు, కారంపొడి, మన పసుపు.

“మరి ఎన్నడూ పాడదా సారూ?” అని మళ్లీ ఆమే అడిగింది.

వీడిపోయే ముందు పాడుతుందని చెప్పాను. ఇది నా చెవులతో విన్న సంగతి. ఫాల్గుణం దాటి వేపలు పూతకొచ్చే వేళకు, ఆ చింతలోంచి తెల్లవారుజామున ఒక గొణుగుడు మొదలవుతుంది. పాట అనడానికి లేదు. మరిచిపోయిన పద్యం లోలోపల వల్లెవేసుకొనే పిల్లవాడి గొంతులా ఉంటుంది. పదిహేను ఇరవై రోజులు అలా సాగుతుంది. తర్వాత ఒక పొద్దున చెట్టు నిశ్శబ్దంగా ఉంటుంది.

ఆమె నవ్వింది. “టికెటు తీసిననాటి సంది ఫోన్ల ఆయన గూడ కూనిరాగం దీస్తడు సారూ. నేనేం అడగ. టికెటు తీసిండని నాకు గట్లనే ఎర్కైతది.”

ఇదంతా ఇలా ఉండగా, ఆ చింతచెట్టు సంగతి మిగిలిపోయింది.

ఆ ఖాళీ జాగా వాళ్లదే. పన్నెండేళ్ల చెమట కూడబెట్టి ఆ జాగాలో ఇల్లు కట్టాలని సంకల్పం. లోపలికి రెండు గదుల డాబా, వీధి వైపు రెండు షటర్లు. షటర్లు కిరాయికిస్తే నెల గడుస్తుంది. నెల గడిస్తే మళ్లీ విమానమెక్కే అవసరం ఉండదు. పోయిన నెలలో మేస్త్రీ వచ్చి టేపు పెట్టి కొలిచాడు. రెండో షటరు సరిగ్గా చింతచెట్టు మొదట్లో పడింది. సున్నంతో చెట్టుమీద ఒక గీత గీసి వెళ్లాడు. వాస్తు చెప్పే ఆయన కూడా వచ్చి, ఇంటి ముందర చింత పనికిరాదని తనవంతు గీత తానూ గీశాడు.

నేను ఏమీ అనలేదు. ఏమనగలను? చెట్లు కొట్టవద్దని ఎనిమిదో తరగతి పిల్లల చేత నలభైసార్లు వ్యాసం రాయించినవాణ్ణే. తులం పిట్ట కోసం మనిషిని ఇంకో నాలుగేళ్లు ఎడారిలో ఉండమని చెప్పే వ్యాసం నాకు రాదు. చెట్టు ఉండాలనేవాళ్లలో చాలామందికి ఇల్లు ముందే ఉంటుంది, నాతో సహా.

ఈ మాట వాళ్ల అత్తగారు మరోవిధంగా చెప్పింది. ఆ చింతను నాటింది ఆమె మామగారట. ఏటా దాని పండు కొట్టి, గింజ తీసి, అమ్ముకొని పిల్లల్ని పెంచింది. చెట్టు పోతున్నదే అని నేను నసిగితే, ఆ ముసలామె నన్నే సముదాయించింది. “చెట్టు మళ్ల పెట్టుకుంటం సారూ. కొడుకు ఈడికొస్తే నా కండ్లతోటి జూస్తనా, లేదా? గది జెప్పు.”

దీపావళి నాడు షార్జా నుంచి వీడియో ఫోను వచ్చింది. ఇంట్లో అందరితో మాట్లాడిన తర్వాత, “సారుకు ఇయ్యి” అన్నాడట. ఫోను గోడమీదుగా నా చేతికిచ్చారు. నా దగ్గర చదువుకున్నవాడే. ఎనిమిదిలో లెక్కలు రాకపోయినా ప్రార్థనలో గొంతు ముందుండేది. పలకరింపులయ్యాక అడిగాడు: “సారూ, మా చెట్టుమీద ఏందో పిట్టలున్నయట గదా? నాలెక్క పాట వాడయట?”

భార్య చెప్పేసింది కాబోలు. నేను ఫోను చింతవైపు తిప్పాను. సాయంకాలం, చుట్టూ పటాకుల మోత. ఆ మోతలో ఏ పిట్ట కనిపిస్తుంది? ఆకులూ, సున్నపు గీతా కనిపించాయి. అతను చాలాసేపు ఆకుల్నే చూశాడు. వెనకాల ఇనుప మంచాలు ఒకదానిమీద ఒకటి, గోడకు వేలాడే చొక్కాలు, ఎవరో వంట చేస్తున్న చప్పుడు. ఆ గదిలో ఎనిమిదిమంది ఉంటారని ఆమె ఒకసారి చెప్పింది.

“ఎప్పుడు పోతయి సారూ?” అన్నాడు.

“ఉగాది దాటినాక. పోయేముందు కొంచెం పాడతాయి.”

“నేను మార్చిల వస్తున్న. ముగ్గు నేనొచ్చినంకనే పోద్దాం అని మేస్త్రీకి చెప్పిన. ఒక్క షటరే ఏస్తే ఎంత తక్కువ వడ్తదో గూడ లెక్క తియ్యమన్న” అన్నాడు. పక్కనుంచి అతని భార్య నా మొహంవైపు చూడలేదు, ఫోనువైపూ చూడలేదు. ఆమె లెక్క ఆమెకుంది, అది తప్పని నేననను. రెండో షటరు కిరాయి నాలుగు వేలని మేస్త్రీ మరునాడే చెప్పి పోయాడు. ఏడాదికి నలభై ఎనిమిది వేలు.

ముసలామె ఆ లెక్క విన్నది. వేళ్లమీద చింతపండు లెక్క తీసింది. చెట్టు ఒక ఏడు కాస్తే మరో ఏడు కాయదు గనుక, ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఆమె లెక్క నలభై ఎనిమిదికి రాలేదు. “పోనీ, వాణ్ని రానీ” అని లేచింది.

ప్రస్తుతం పిట్టలున్నాయి. చక్‌పిట్ట రెండో కొమ్మ పంగలో ఉంటుంది, ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా చూడడానికి మంచివేళ. మా ఆవిడ ఇప్పుడు మోరీలో సబ్బునీళ్లు కాక ఉత్తనీళ్లు కూడా ఒక చెంబెడు పోస్తున్నది; ఎందుకని అడిగితే, మోరీ శుభ్రంగా ఉండాలంటుంది. పుష్యంలో పసుపు తవ్వకాలు మొదలవుతాయి. ఊరి చివర కళ్లాల్లో కాడీ గోళా ఉడకబెట్టి, నేలంతా పచ్చగా ఆరబోస్తారు. ఆ పసుపులో కాటుకపిట్టలు షావుకార్లలా తిరగడం చూడాలంటే అప్పుడు రండి. చింతలోని పాట వినాలంటే మాత్రం మార్చిలో రావాలి. ఇంటి యజమాని కూడా అప్పటికి వచ్చి ఉంటాడు.